కట్టుట: కృష్ణాలోయలో ఒక క్రియ చరిత్ర

ఆంగ్లభాషలో నిత్యము వినవచ్చు క్రియలలో ‘బిల్డ్’ ఒకటి. మన గ్రామపాఠశాలలలో పిల్లలు ‘బిల్డ్, బిల్ట్, బిల్ట్’ అని దాని మూడు రూపములను కంఠస్థము చేయుదురు. సెండ్, స్పెండ్, లెండ్, బెండ్ అను క్రియలవలె దీనికిని భూతకాలమున తుది డకారము టకారమగును. రూపము ఇంత చిన్నదయ్యును దాని వ్యవహారము మిక్కిలి విస్తృతమైనది. ఆంగ్లేయులు ఇంటిని, ఓడను, వంతెనను, రైలుమార్గమును ఈ క్రియతోనే నిర్మింతురు. దేహబలమును, వ్యాపారమును, పరస్పరవిశ్వాసమును, శీలమును, తుదకు ఒక జాతిని గూడ దీనితోనే పెంపొందింతురు. మనుష్యుని శరీరపు తీరును చెప్పవలసి వచ్చినను ఇదే పదమును నామవాచకముగా వాడుదురు. ఇన్ని యర్థములకు మూలము ఇల్లు. ప్రాచీనాంగ్లమున ‘బోల్డ్’ అనగా నివాసగృహము. ఆ నామమునుండి పుట్టిన క్రియ మొదట ఇల్లు కట్టుటకే పరిమితమై యుండి, కాలక్రమమున మానవుడు పూనికతో ఒక్కొక్క అంశమును చేర్చి నిలువబెట్టు సమస్తమునకును వ్యాపించినది.

తెలుగువాడు ఈ క్రియకు సమముగా చెప్పు ‘కట్టు’ ఇంటినుండి పుట్టినది కాదు, ముడినుండి పుట్టినది. మనము ఇల్లు కట్టుదుము, గుడి కట్టుదుము, చెరువు కట్టుదుము. అదే నోట పశువును గుంజకు కట్టుదుము, గాయమునకు గుడ్డ కట్టుదుము, చీర కట్టుదుము, తాళి కట్టుదుము, పాట కట్టుదుము, శిస్తు కట్టుదుము, మాటకు కట్టుబడుదుము. ఆంగ్లమున ముడివేయుటకు ‘బైండ్’ అను వేరు క్రియ కలదు. అది మన సంస్కృతపు ‘బంధ’ ధాతువునకు దాయాది. రెండును ఒకే మూలభాషనుండి వచ్చినవి. అనగా ఆంగ్లేయుడు రెండు వేరు క్రియలతో చెప్పు విషయములను తెలుగువాడు ఒక్క క్రియతో చెప్పుచున్నాడు. ఇక మన గ్రంథములలోను ప్రభుత్వపత్రములలోను కనబడు ‘నిర్మాణము’ మూడవ జాతికి చెందినది. దాని గర్భమునందున్న ‘మా’ ధాతువునకు కొలుచుట యర్థము. ఇల్లు, కొలత, ముడి: మానవుని నిర్మాణకృషిని చూచుటకు ఇవి మూడు దృష్టులు.

ఈ మూడు దృష్టులును ఒకే స్థలమున, ఒకే కార్యమునందు కలిసికొన్న చోటు మన దేశమున నొకటి యున్నది. అది కృష్ణానదిమీద నాగార్జునసాగరము. అచటి యానకట్టను యంత్రశాస్త్రజ్ఞులు కొలతలతో నిర్మించిరి, నాయకులు ఆంగ్లభావమున తలపోసిరి, పనివారు తెలుగున కట్టిరి. అంతకుమించి, ఆ లోయలో కట్టుట అనునది ఆ యానకట్టకు శంకుస్థాపన జరిగిన 1955తో మొదలైనది కాదు. సుమారు పదునేడు శతాబ్దములకు పూర్వమే యారంభమై, ఎన్నిమారులు తెగినను మరల ముడివడిన చరిత్ర యది. కట్టిన వస్తువు పూర్తియగుటతో పని తీరిపోవునని ‘బిల్డ్’ అను క్రియనుబట్టి తోచవచ్చును. ముడి యట్టిది కాదు, దానిని నిరంతరము కాచుకొనవలెను. ఆ లోయ చరిత్ర నాకు నేర్పినది ఇదే. ఈ వ్యాసమున చెప్పదలచినదియు ఇదే.

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున శాతవాహనుల ప్రాభవము క్షీణించిన పిమ్మట, కృష్ణకు దక్షిణతీరమున, మూడువైపుల కొండలు నాల్గవవైపు నది కాపుండగా, ఇక్ష్వాకురాజులు విజయపురి యను రాజధానిని స్థాపించిరి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, అతని కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, అతని కుమారుడు ఎహువల శాంతమూలుడు, పిమ్మట రుద్రపురుషదత్తుడు అచట వరుసగా పాలించిరి. రాజులు వైదికమతానుయాయులై యజ్ఞములు చేయగా, అంతఃపుర స్త్రీలు బౌద్ధసంఘమును పోషించిరి. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ, వీరపురుషదత్తుని ఆరవ రాజ్యసంవత్సరమున, మహాచైత్యమను స్తూపమును పునరుద్ధరించి దాని నాల్గు దిక్కులయందలి ఆయకవేదికలపై స్తంభములను నిలిపినట్లు ప్రాకృతశాసనములు తెలుపుచున్నవి.

ఆ మహాచైత్యము నిర్మించిన తీరు గమనింపదగినది. సుమారు 106 అడుగుల వ్యాసముగల యా స్తూపము పూర్తిగా ఇటుకతో పూడ్చిన దిబ్బ కాదు. నడుమ ఇరుసు, దానినుండి వెలువడు ఆకులు, చుట్టును కమ్మి గల చక్రాకారముగా గోడలు లేపి, వాని మధ్యనున్న గదులను మట్టితో నింపిరి. అందువలన ఇటుక మిగిలినది, మట్టి బరువు బయటకు త్రోసికొని రాకుండ అడ్డుగోడలు దానిని బిగించి పట్టినవి. పరిమితమైన ద్రవ్యముతో మహత్తరమైన యాకృతిని నిలుపుటకు వారు కనిపెట్టిన ఉపాయ మది.

ఆ శాసనములలో ‘నవకమ్మ’ అను మాట మరల మరల వచ్చును. నూతన నిర్మాణకార్యమని దాని యర్థము. బౌద్ధసంఘమున ఈ పని యొక గౌరవనీయమైన బాధ్యత. దానిని నిర్వహించు భిక్షువును నవకర్మికుడందురు. మహాచైత్యపు నవకర్మను ముగించినవాడు ఆనందుడను భిక్షువు. అతడు బౌద్ధగ్రంథములైన దీఘ, మజ్ఝిమ నికాయములను నేర్చిన పండితుడు. పండితుడైనవాడు ఇటుకను సున్నమును పర్యవేక్షించుట తన విద్యకు లోపమని తలపకపోవుట ఆ కాలపు గొప్పతనము. బోధిశ్రీ యను ఉపాసిక కట్టించిన చైత్యగృహపు శాసనము ఇంకను విలువైనది. తామ్రపర్ణి, అనగా సింహళము, నుండి వచ్చిన ఆచార్యులకై కట్టించిన ఆ గృహముతోబాటు ఆమె వేర్వేరుచోట్ల చేయించిన పనులను, ఆ ఆచార్యుల పరంపర ధర్మప్రచారము చేసిన కాశ్మీర గాంధార చీనాది దేశములను శాసనము పేర్కొని, పనిని పర్యవేక్షించిన చంద్రముఖ, ధర్మనంది, నాగ అను స్థవిరుల పేరులను చెప్పి, తుదకు రాతిపని చేసిన విధికుని పేరును గూడ చేర్చినది. దాత్రి, పర్యవేక్షకులు, శిల్పి: ముగ్గురును ఒకే శాసనమున నిలిచిరి. కట్టించినవారి పేరు తప్ప కట్టినవాని పేరు మిగులని చరిత్రలో, ఈ లోయ ఒక శిల్పికి పదునేడువందల ఏండ్ల యాయువును ప్రసాదించినది.

ఇక్ష్వాకుల పిమ్మట విజయపురి పాడుపడినది, విహారములపై మట్టి పేరుకొన్నది. కాని కట్టుట అను కృషి తెలుగునేలపై ఆగలేదు. అది గుడినుండి చెరువువైపు వ్యాపించినది. కృష్ణకు ఉత్తరమున సూర్యాపేట ప్రాంతము రాతినేల. నది లోతున పారుచుండుటచే దాని నీరు పొలమునకు ఎక్కదు. అట్టిచోట వాననీటిని పట్టి నిలుపుకొనుట ఒక్కటే జీవనోపాయము. కాకతీయుల కాలమున వారి సామంతులైన రేచెర్ల రెడ్లు సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱిని తమ కేంద్రముగా చేసికొని గుడులను కట్టించిరి. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయము, నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయము నేటికిని అచట నున్నవి. విజయపురిలో శాంతిశ్రీ, బోధిశ్రీలు చేసిన పనిని తొమ్మిదివందల ఏండ్ల తరువాత నదికి ఆవలియొడ్డున ఎరకసానమ్మ కొనసాగించినదని చెప్పవచ్చును.

ఆనాటి తెలుగువారు మనుష్యుడు లోకమున విడిచిపోదగిన సంతానము ఏడు విధములని భావించిరి. పుత్రుడు, చెరువు, వనము, దేవాలయము, అగ్రహారము, నిధి, కృతి: ఇవియే సప్తసంతానములు. కన్నకొడుకునకును కట్టిన చెరువునకును రచించిన కావ్యమునకును సమానస్థానమిచ్చిన ఈ భావనయందు కట్టుటయనగా ఏమో మనవారు గ్రహించిన తీరు వ్యక్తమగుచున్నది. బిడ్డను కన్నంతమాత్రమున తల్లిదండ్రుల బాధ్యత ముగియదు. చెరువును కట్టినంతమాత్రమున దాతయొక్క బాధ్యతయు ముగియదు.

ఈ బాధ్యతను వారు ధర్మోపన్యాసములకు వదలిపెట్టక వ్యవస్థగా రూపొందించిరి. కడప సీమయందలి పోరుమామిళ్ళ చెరువుగట్టున 1369 నాటి శాసన మొకటి కలదు. విజయనగరపు రాజకుమారుడు భాస్కరభవదూరుడు త్రవ్వించిన యా చెరువునకు రెండేండ్లపాటు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు వినియోగపడినవట. ఆ శాసనము మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తప్పింపవలసిన ఆరు దోషములను శాస్త్రీయముగా పేర్కొనుచున్నది. చెరువును బాగుచేయుచుండువారికి భూమినో, పంటలో భాగమునో ఇచ్చు దశబంధ మాన్యములు తెలుగునాట పలుచోట్ల శాసనములలో కనబడును. తెలంగాణపు పల్లెలలో నీటిని తూమువద్ద విడిచి పొలములకు పంచువానిని నీరటి యనిరి. అదనపు నీరు పారిపోవుదారిని మత్తడి యనిరి. కట్టపై వెలసి దానిని కాపాడు దేవతను కట్టమైసమ్మ యనిరి. ప్రజలు తమ భయభక్తులను నీటికి కాక కట్టకు ముడిపెట్టుటలో గాఢమైన యనుభవ మున్నది. వాన దైవాధీనము, కట్ట మాత్రము మనుష్యుల జాగరూకతకు అధీనము.

పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లపాలకులు తమ ‘బిల్డ్’ను వెంటబెట్టుకొని వచ్చినను, ఇచటి నదులకు తాము చేయు పనికి ఇచటి మాటలనే ఎన్నుకొనిరి. ధవళేశ్వరమున 1847లో ఆర్థర్ కాటన్ గోదావరిమీద ప్రారంభించి 1852లో ముగించిన కట్టడమునకును, వెంటనే 1852-55 మధ్య విజయవాడవద్ద కృష్ణమీద లేచినదానికిని వారు దక్షిణదేశపు మాటనే గ్రహించి ‘ఆనికట్’ అని వ్రాసికొనిరి. చెరువుగట్టును పారసీక హిందూస్థానీలనుండి వచ్చిన ‘బండ్’ అను పేర పిలిచిరి. ఈ రెండు మాటలయందును ఉన్నది బంధించుట యనునదే. సంస్కృతమున ‘సేతువు’ అను పదముగూడ బంధించుట యను అర్థముగల ధాతువునుండియే పుట్టినది. నదిని ఎదుర్కొనవలసి వచ్చినప్పుడు ఈ భాషలవారు ఇల్లు కట్టు మాటను కాక ముడివేయు మాటనే ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. నీరు అనుక్షణము విడివడుటకు ప్రయత్నించునని అందరి కనుభవమే.

ఆ సంవత్సరములలోనే, 1852లో, చార్లెస్ ఫిలిప్ బ్రౌను తన తెలుగు-ఆంగ్ల నిఘంటువును ప్రకటించెను. నిఘంటువు మాటలను కూర్చుచుండగా, ఆంగ్లేయుల కార్యాలయములకు ‘కట్టు’ యొక్క వేరొక ముఖము అవసరమయ్యెను; అది పన్ను. ఒక చెరువుక్రిందనో కాలువక్రిందనో సాగై శిస్తు కట్టవలసిన భూమి మొత్తము ‘ఆయకట్టు’. ఇనాము భూములపై చెల్లింపవలసిన తక్కువ శిస్తు ‘కట్టుబడి’. నీటిని కట్టినచోట రైతును గూడ కట్టివేయుట పాలకుల రీతి. కాలువనీరు పొందిన డెల్టా సస్యశ్యామలమైనది గాని, అదే నది ఎగువన ఒడ్డుననే యున్న పల్నాడును నల్లగొండను చూడకుండ లోతుగా ప్రవహించిపోయెను. ఈ వైషమ్యమును సరిదిద్దవలెనను కోరికనుండియే నాగార్జునసాగరమునకు మూలమైన నందికొండ పథకము పుట్టినది.

కృష్ణ కొండలసందున ఇరుకై ప్రవహించు నందికొండవద్ద పెద్ద యానకట్ట కట్టవచ్చునను ఆలోచన హైదరాబాదు రాజ్యపు యంత్రశాస్త్రజ్ఞులకు చిరకాలముగా నున్నది. కృష్ణాజలములను దక్షిణమునకు మళ్ళించు కృష్ణా-పెన్నారు పథకమును మద్రాసు ప్రభుత్వము తలపెట్టినప్పుడు తెలుగుజిల్లాలవారు కలతపడిరి. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదు నందికొండ పక్షమున ప్రజలను సమీకరించి, నిపుణులకు స్థలమును చూపించుటకై అహర్నిశలు శ్రమించెను. 1952లో ప్రభుత్వము నియమించిన ఖోస్లా సంఘము నందికొండ యోగ్యమని నిర్ధారించినది. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసి, ఆ కార్యమును పవిత్రమైన క్రతువుగా భావించెను.

ఆ దినమున కృష్ణకు కుడియొడ్డు ఆంధ్రరాష్ట్రము, ఎడమయొడ్డు హైదరాబాదు రాష్ట్రము. అచట బెజవాడ గోపాలరెడ్డి, ఇచట బూర్గుల రామకృష్ణరావు ముఖ్యమంత్రులు. రెండు ప్రభుత్వములు కలిసి పూనుకొన్న పనియగుటచే రాతికంటె ముందుగా ఆ యొడంబడికయే రెండొడ్డులను కట్టినది. ఏడాది గడువకుండగనే, 1956 నవంబరు 1న, రెండును ఒకే ఆంధ్రప్రదేశమైనవి. 2014లో మరల తెలంగాణ, ఆంధ్రప్రదేశములుగా విడిపోగా ఆనకట్ట తిరిగి సరిహద్దుపై నిలిచినది. రాష్ట్రములు కలిసినను విడిపోయినను ఆ కట్ట మాత్రము రెండొడ్డులను పట్టుకొనియే యున్నది.

దానిని కాంక్రీటుతో కాక రాతితో కట్టవలెనని నిశ్చయించుటకు కారణము ఆర్థికము. విదేశీద్రవ్యము దుర్లభము, భారీయంత్రములు అరుదు, సిమెంటు కరవు. రాయి మాత్రము చెంతనే సమృద్ధిగా నున్నది, పనికై చేతులు చాచు జనమును సమృద్ధిగా నున్నది. కావున ఇరువదవ శతాబ్దపు మధ్యమున, యంత్రయుగమున, మానవహస్తములనే ప్రధానసాధనముగా చేసికొని 124 మీటర్ల యెత్తున, రాతికట్టడము వరకే 1,450 మీటర్ల పొడవున, లోకమునందలి మిక్కిలి పెద్ద రాతియానకట్టలలో ఒకటిగా అది లేచినది. ఇరుప్రక్కల మట్టికట్టలను కలుపుకొన్నచో దాని పొడవు ఐదు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. 26 గేట్లతో, 590 అడుగుల పూర్తి నీటిమట్టముతో, 408 శతకోటి ఘనపుటడుగుల నీటిని నిలుపునట్లు దానిని రూపొందించిరి.

ఆ పనిజరిగిన తీరును తెలుపు ఛాయాచిత్రములను చూచినవారికి గగుర్పాటు కలుగక మానదు. ఆకాశమునకు ఎగబ్రాకినట్లు కట్టిన పరంజాల బాటలపై చీమలబారువలె స్త్రీ పురుషులు బరువులు మోయుచు ఎక్కుచుందురు. రాతిపని, మట్టిపని వృత్తిగాగల వడ్డెరలు, దేశమంతట ప్రాజెక్టుపనులకు పేరుగాంచిన పాలమూరు కూలీలు, చుట్టుప్రక్కల జిల్లాల బీదరైతులు వేలాదిగా అచటికి చేరిరి. వారికై, ఇంజనీర్లకై వెలసిన నివాసములే నేటి హిల్ కాలనీ, పైలాన్ కాలనీ, విజయపురి సౌత్. పట్టణపు పేరులలోనే ఆ కట్టుబడి చరిత్ర నిలిచిపోయినది.

మూడు దృష్టులు కలిసికొనిన స్థలమని మొదట చెప్పినది ఇందుకే. నమూనాపటములపై యంత్రశాస్త్రజ్ఞుడు అడుగులను, ఘనపుటడుగులను, ఒత్తిడిని లెక్కవేసెను. అది కొలుచుట, అదియే నిర్మాణము. ఢిల్లీయందు, హైదరాబాదునందు నాయకులు జాతిని నిర్మించుట యను ఆంగ్లభావమున ఆనకట్టను దర్శించిరి; స్వతంత్రభారతమను ఇంటికి అది యొక స్తంభము. రాతిపై రాయి పేర్చి, సందులను పూడ్చి, దినమున కొకింత యెత్తు లేపిన కూలికి మాత్రము అది కట్టుట. తాడు కట్టుట, బరువు కట్టుట, పరంజానుండి పడినవాని గాయమునకు కట్టు కట్టుట, అన్నియు ఆ యొక్క క్రియలోనే. విజయపురిలో విధికుని పేరు శాసనమున చెక్కినవారి వారసులమైన మనము ఈ వేలాదిమందిలో పెక్కుమంది పేరులను ఎక్కడను చెక్కలేదు. ఇది మన కాలపు కొఱత.

కట్టినప్పుడు కొంత మునిగినది. ఆనకట్ట లేచుచుండగా విజయపురి లోయ మునుగునని తెలిసియే, 1926లో వెలుగు చూచి, లాంగ్‌హర్స్ట్ మొదలగువారు త్రవ్విన ఆ స్థలమును 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున భారత పురావస్తుశాఖ విస్తారముగా త్రవ్వి, శతాధిక స్థానములను పరిశీలించినది. మెట్లు గల రంగస్థలము, యజ్ఞసంబంధమైన కోనేరు, నదీతీరపు ఘట్టములు, విహారములు, మృతవీరులకై యెత్తిన ఛాయాస్తంభములు బయల్పడినవి. ముఖ్యమైన కట్టడములను ఇటుక ఇటుకగా, రాయి రాయిగా విప్పి, కొన్నింటిని లోయలోని నాగార్జునకొండ శిఖరముపైన, కొన్నింటిని కుడియొడ్డున అనుపునందు మరల కట్టిరి. నీరు నిండగా కొండ ద్వీపమైనది. 1966లో అచట ప్రదర్శనశాల వెలసినది. ఎడమయొడ్డున ఏలేశ్వరమునందు అబ్దుల్ వహీద్ ఖాన్ త్రవ్వించిన ప్రాచీనస్థానమును నీటి పాలైనది. విప్పి మరల కట్టుట యను విద్యకు మన దేశమున ఇంత గొప్ప యుదాహరణము అంతకుముందు లేదు.

రాళ్ళను విప్పి మోసికొనివచ్చుట సాధ్యమైనది గాని ఊళ్ళను అట్లు చేయుట సాధ్యము కాలేదు. లోయయందలి పుల్లారెడ్డిగూడెము మొదలగు గ్రామములు, లంబాడీతండాలు, పొలములు, పూర్వుల సమాధులు నీటిక్రిందికి పోయినవి. ఇల్లు వేరొకచోట కట్టుకొనవచ్చును. ఇరుగుపొరుగుతో, పొలముగట్టుతో, గ్రామదేవతతో తరతరములుగా ముడివడిన యనుబంధమును పరిహారపు సొమ్ముతో మరల కట్టలేము. మిర్యాలగూడలోను కోదాడలోను పండిన ప్రతి బియ్యపుగింజలో ముంపునకు గురియైన వారి భాగము కలదని స్మరించుకొనుట ధర్మము.

1967 ఆగస్టు 4వ తేదీన ప్రధాని ఇందిరాగాంధి నీటిని రెండు కాలువలకు విడిచినది. కుడికాలువకు జవహర్ పేరు, ఎడమకాలువకు లాల్ బహదూర్ పేరు. ఎడమకాలువ హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములను తడిపి, పాలేరు జలాశయముమీదుగా ఖమ్మము దాటి పూర్వపు ఉమ్మడి కృష్ణాజిల్లావరకు సాగిపోవును. దానితో ఆ సీమ స్వరూపమే మారినది. జొన్నలు, సజ్జలు, ఆముదాలు పండిన మెట్టలు వరిమళ్ళుగా మారినవి. డెల్టాలో మాగాణి సాగు తెలిసిన రైతుకుటుంబములు అనేకము వచ్చి భూములు కొని స్థిరపడగా, రెండు ప్రాంతముల మాటతీరులు, వంటలు, పండుగలు ఆ గ్రామములలో కలిసిపోయినవి. మిర్యాలగూడ రైస్‌మిల్లులకు దేశమున పేరుగాంచినది. సూర్యాపేట జిల్లాలోనే దిగువనున్న హుజూర్‌నగర్, కోదాడ సీమలు కాలువనీటితో పచ్చబడగా, ఎగువ మెట్టలు మాత్రము చిరకాలము పూర్వపు చెరువులను బావులనే నమ్ముకొనవలసి వచ్చెను. కట్టువడినది అందరిని ఒక్కరీతిగా కలుపదు.

నీటిని పంచుట గూడ ముడివేయుటయే. 1969లో ఏర్పడి 1976లో తుదితీర్పు వెలువరించిన కృష్ణాజల వివాదపరిష్కార సంఘము, న్యాయమూర్తి బచావత్ అధ్యక్షతన, సాగరమునకు కేటాయించిన నీటిలో రెండు కాలువలకును చెరి 132 శతకోటి ఘనపుటడుగులను లెక్కగట్టినది. లెక్క సమానముగానే యున్నది; కాని నీరు అందుటలో కాలువతలవద్ద నున్న రైతునకును కాలువకొసను ఉన్న రైతునకును సమానత్వము కలుగుట వేరుపని. మొదటివాడు అధికముగా మళ్ళించుకొన్నచో చివరివానికి చేను ఎండిపోవును. ఆయకట్టు అనుమాటలో భూములతోబాటు రైతులును ఒకరికొకరు కట్టువడి యున్నారని వారు తెలిసికొననంతవరకు ఏ తీర్పును పొలమువరకు పోజాలదు. ప్రాతకాలపు నీరటి ఇట్టి న్యాయమును తూమువద్ద నిలబడి ప్రతిదినమును చేసెడివాడు.

కాలువకు గండి పడినప్పుడు ఈ సత్యము మరింత తీవ్రముగా తెలియును. 2022 సెప్టెంబరులో నిడమనూరు ప్రాంతమునను, 2024 సెప్టెంబరు మొదటి దినముల పెనువానలలో కోదాడ దాపున నడిగూడెము మండలమునను ఎడమకాలువ కట్ట తెగి, నీరు పొలములపై పడినది. కుంభవృష్టి ఒక కారణము కావచ్చును. కాని అర్ధశతాబ్దము పైబడిన మట్టికట్టను కాచుకొనుటకు నిత్యశ్రద్ధ అవసరమనుట అంతకంటె పెద్ద పాఠము. ప్రపంచబ్యాంకు ఋణముతో 2010 నుండి కాలువల ఆధునికీకరణ జరిగినది. అట్టి పెద్దపనులు అప్పుడప్పుడు వచ్చును, కట్టపైన చెట్టును పీకుట, చీమలపుట్టను త్రవ్వి నింపుట, పూడికను తీయుట వంటి చిన్నపనులు ఏటేట జరుగవలెను. పోరుమామిళ్ళ శాసనకారుడు దోషములను లెక్కించి వ్రాసినది, దశబంధ మాన్యములు దాతలు ఏర్పరచినది అందుకే. ప్రారంభోత్సవమునకు వచ్చు జనము మరమ్మత్తునకు రాదు. ప్రభుత్వపు లెక్కలలో కొత్తది కట్టుటకు ప్రత్యేకపద్దు సులభముగా దొరకును, ఉన్నది నిలుపుటకు దొరకుట కష్టము. ఇది ఏ యొక్క ప్రభుత్వపు దోషమని చెప్పుట న్యాయము కాదు. కట్టుటను పూర్తిచేయుటగా మాత్రమే తలచిన మన దృష్టియొక్క దోషము.

ఆనకట్ట లేచుచున్న కాలముననే, 1962లో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును, వ్యవసాయపదములతో, వెలువరించినది. తరువాత చేనేతపదములకు, వాస్తుపదములకు గూడ సంపుటములు వచ్చినవి. జిల్లాజిల్లాకు పోయి, పనివారి నోటినుండియే మాటలను గ్రహించిన యా మహాకార్యము మన భాషాచరిత్రలో శాశ్వతమైనది. ఆనకట్టపని, కాలువపని, రాతిపని చేసినవారి మాటలను అట్లు ప్రత్యేకముగా సేకరించుట ఇకనైన జరుగవలెను. 1955 నుండి 1967 వరకు నందికొండవద్ద పనిచేసిన యువకులు నేడు జీవించియున్నచో ఎనుబది, తొంబది ఏండ్ల వృద్ధులు. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల కళాశాలలలో తెలుగు, చరిత్ర నేర్చు విద్యార్థులు ఆ వృద్ధుల యింటికిపోయి, వారు మోసిన రాళ్ళకు, వాడిన పనిముట్లకు, ఎక్కిన పరంజాలకు, పాడుకొన్న పాటలకు ఉన్న పేరులను, వారి పేరులతో సహా వ్రాసికొనవచ్చును. ఇందుకు కోటిరూపాయలు అక్కరలేదు. తీరిక, ఓర్పు, ఒక నోటుపుస్తకము చాలును.

దానివలన రెండు ప్రయోజనములు కలుగును. మొదటిది, బోధిశ్రీ శాసనము విధికునకు ఇచ్చిన గౌరవమును మనము సాగరపు పనివారికి ఇచ్చినవార మగుదుము. రెండవది, ఒక కట్టను ఎట్లు కాపాడవలెనో దానిని కట్టినవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. వారి మాటలతోబాటు ఆ తెలివియు మన చేతికి వచ్చును. కొలుచుట కళాశాలలలో నేర్పుచున్నారు, నిర్మించుటను ప్రభుత్వములు ప్రకటించుచున్నవి. కట్టి, కట్టినదానిని కాచుకొను విద్య మాత్రము ఒక తరమునుండి మరొక తరమునకు మనుష్యుల ద్వారానే అందవలెను. కృష్ణాలోయ తన చరిత్రయంతటిలోను మనకు ఇచ్చిన యాస్తి ఆ విద్యయే. కాలువ చివరిమడికి నీరు అందినప్పుడే ఆనకట్టను మనము నిజముగా కట్టుకొన్నవార మగుదుము. ఆ పని ప్రతి సంవత్సరము, ప్రతి పంటకును, మరల మొదటినుండి చేయవలసినదే.